ఒంగోలు కొండకి ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పేరు ఎందుకొచ్చింది?

1854 జనవరి 1న తెల్లారుతుండగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకి మిషనరీని పంపమని ప్రార్థన చేశారు, అందుకే ఆ పేరు. అప్పట్లో తెలుగువాళ్ళ మధ్య నడిచే ఆ బాప్టిస్టు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడుస్తోంది, ఇక్కడ మిషన్ పనికి సరిపడా మనుషుల్లేరు, అందుకే వాళ్ళకి ప్రార్థనతోనే పని మొదలైంది. కింద నాగజెముడు కమ్మేసిన దిబ్బ చూపించి మిషన్ బంగళా అక్కడే కావాలని అడిగారట, ఎంత నమ్మకమో చూడండి!

ప్రార్థించగానే జనం క్రైస్తవంలోకి వచ్చేశారనుకుంటారు చాలామంది, అది కరెక్ట్ కాదు. వాళ్ళు అడిగిన మిషనరీ, అమెరికన్ జాన్ క్లౌ, ఒంగోలులో స్థిరపడింది 1866లో. ఆ తర్వాత తెలుగు బోధకులు మాదిగపల్లెలు కాలినడకన తిరిగితేనే 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఇచ్చింది కూడా ఆ తెలుగు బోధకులే.