రిమోట్ కాంతిని ఫిల్మ్ అంటించి చూడొచ్చా?

టీవీ రిమోట్ నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కంటికి కనిపించేలా మార్చే పలుచని ఫిల్మ్ ఉందట, దాన్ని కళ్లజోడుకు అంటిస్తే చీకట్లో చూడొచ్చా అని అడిగారు. ఫిల్మ్ ఉన్న మాట నిజమే. కళ్లజోడు మాత్రం కుదరదు. నెల్లూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినప్పుడు నా ప్రాజెక్టు దీని మీదే.

యిట్రియం ఆక్సైడ్‌లో కొంచెం ఇటర్బియం, ఎర్బియం అనే అరుదైన లోహాలు కలిసేలా ద్రావణం చేసి, గిర్రున తిరిగే పలక మీద చుక్కలు వేస్తే పొర పరుచుకుంటుంది. తర్వాత ఫర్నేస్‌లో కాల్చాలి. మొదటిసారి మామూలు గ్లాస్ స్లైడ్ పెట్టి, 900 డిగ్రీలు సెట్ చేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అటెండర్ నవ్వుతున్నాడు: "ఏంది అబ్బయా, అప్పడంలా వంగిపోయిందే!" భయపడి తర్వాతది 500 దగ్గరే ఆపేశాను. గాజు నిలిచింది కానీ వెలుగు రాలేదు. పొరలో మిగిలిపోయిన హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) కాంతి శక్తిని వేడిగా మింగేస్తుందని సార్ చెప్పారు. చివరికి క్వార్ట్జ్ ముక్క మీద పూసి 900 దగ్గర కాల్చాక, 980 నానోమీటర్ల లేజర్ కింద ఎర్రటి చుక్క కనబడింది. చీకటి గదిలో ఒక్కడినే కేక పెట్టాను.

ఇక రిమోట్ ఎందుకు పనికిరాదంటే, 980 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో ఒక ఫోటాన్‌లో, అంటే ఒక కాంతి రేణువులో, ఉండే శక్తి దాదాపు 1.27 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎరుపుకు 1.9, ఆకుపచ్చకు 2.3 కావాలి. అంటే కనీసం రెండు ఫోటాన్లు కలవాలి. నెల్లూరు మద్రాసు బస్టాండ్ దగ్గర షేర్ ఆటోను తలుచుకోండి. ఫోటాన్లు ప్రయాణికులు, ఎర్బియం ఆటో, ఇటర్బియం జనాన్ని పిలిచి ఎక్కించే కుర్రాడు. ఒకరు ఎక్కితే ఆటో కదలదు. రెండోవాళ్లు త్వరగా రాకపోతే మొదటివాడు విసుగొచ్చి దిగిపోతాడు. బలహీనమైన కాంతిలో జరిగేది అదే. అందుకే కాంతిని సగానికి తగ్గిస్తే వెలుగు సగం కాదు, దాదాపు పావు వంతుకు పడిపోతుంది. లేజర్ ముందు మెరిసిన నా ఫిల్మ్, రిమోట్ ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

చీకట్లో చూపే పరికరాలు కరెంటుతో పనిచేస్తాయి. లోపలికొచ్చిన కొద్దిపాటి కాంతి ఎలక్ట్రాన్లను లేపితే, వాటిని వోల్టేజితో పెంచి, ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే ఫాస్ఫర్ తెర మీద పడేస్తారు. ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టే పొర మీద ఓఎల్‌ఈడీ (కరెంటిస్తే వెలిగే) పొర పేర్చి ఫిల్మ్ రూపంలోనూ చేశారు. వాటికీ బ్యాటరీ ఉండాల్సిందే.

సరదా కోసం 980 లేజర్ తెప్పించుకోకండి. అది కనబడదు కాబట్టి రెప్ప దానంతట అది మూసుకోదు, రెటీనా కాలిపోతుంది. మాకు తగిన కళ్లద్దాలు లేకుండా గదిలోకి రానిచ్చేవారు కాదు. రిమోట్ వెలుగే చూడాలనుకుంటే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క కనిపిస్తుంది.