డబ్బిస్తేనే ప్రాక్టీసుకొస్తున్నారు, ఏం చేయాలి?

అనంతపురంలో మీ కబడ్డీ జట్టుకు గెలిచినప్పుడల్లా ఐదొందలు ఇచ్చేవారు, ఆపేసరికి పిల్లలు గ్రౌండుకే రావట్లేదన్నారు. తప్పు డబ్బుది కాదు, ఇచ్చిన తీరుది.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం చూడండి. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే ఆశపెట్టారు. తర్వాత వాళ్లే బొమ్మల జోలికి తక్కువ వెళ్లారు. ముందు చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో ఇష్టం తగ్గలేదు. పసిపిల్లల సంగతే అనుకోండి, అయినా మనకు పనికొస్తుంది.

షూస్, బస్సు చార్జీలు, గుడ్లు మాత్రం ఆపొద్దు. అవి ఎర కాదు, అవసరం. గెలుపుకు రేటు కట్టడం మానండి. ఎవరు రైడుకెళ్లాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. "బాగా ఆడావురా" అని వదిలేయకుండా, "బోనస్ గీత దాటేటప్పుడు కాలు భలే పెట్టావు" అనండి. మొదటి నెల కొందరు మానేస్తారు. మానేయనీండి.