టబ్బు కోసం ఫోన్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బీరువా అడుగున పాత ఫోన్లు నాలుగున్నాయి. ఒకటి ఆన్ కాదు. ఒకదాని వెనక డొప్ప ఉబ్బి పైకి లేచింది. వీధిలోకి ‘పాత సెల్‌ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులు’ అంటూ వచ్చేవాళ్లకు ఇచ్చేయమంటోంది మా అత్త. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: వద్దమ్మా. కావాలంటే మీ అత్తగారికి టబ్బు నేను కొనిపెడతానని చెప్పండి.

ముందు ఆ ఉబ్బినదాని సంగతి. దానికి చార్జింగ్ పెట్టకండి, డొప్ప నొక్కకండి. గాంధీరోడ్డు పక్క సందులో నేను సెల్ రిపేరు షాపు నడిపే రోజుల్లో మా కుర్రాడు అలాంటి బ్యాటరీని ఊడదీయబోయి స్క్రూడ్రైవర్ దింపాడు. బుస్సుమని పొగ, వెంటనే మంట. ఇసుక బకెట్ పక్కనే ఉండబట్టి బల్ల కాలడంతో పోయింది. పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, బయట నీడన ఉంచండి. చెత్తబండిలో మాత్రం వేయకండి. చెత్తను అదిమే బండిలో బ్యాటరీ నలిగితే బండే అంటుకుంటుంది.

ఇక ఆన్ కానిది. దాన్ని చచ్చిన ఫోన్ అనుకుంటాం గానీ, చాలాసార్లు పోయేది బ్యాటరీయో, డిస్‌ప్లేనో. మీ ఫొటోలు, నంబర్లు లోపల భద్రంగానే ఉంటాయి. టబ్బులిచ్చి పోగేసే ఫోన్లు సైబర్ మోసగాళ్లకు చేరుతున్నాయని 2024లో రామగుండం పోలీసులు వేల ఫోన్లు పట్టుకున్నారు. అందుకే రిపేరు షాపులో ఎదురుగా కూర్చుని ఒక్కసారి ఆన్ చేయించండి. గూగుల్ అకౌంట్ తీసేశాకే, లోపలున్నవన్నీ చెరిపేసే రీసెట్ కొట్టండి. లేదంటే తర్వాత వాడేవాళ్లను మీ పాస్‌వర్డ్ అడిగి మొరాయిస్తుంది. సిమ్ము అందరూ తీసుకుంటారు, మెమరీ కార్డు మర్చిపోతారు. నా షాపులో అలా మిగిలిపోయినవి ఓ అగ్గిపెట్టెడు ఉండేవి. ఒకదాంట్లో ఎవరిదో పెళ్లి మొత్తం ఉంది. తెరిచి చూడటం నా తప్పే, కానీ తిరిగిద్దామంటే ఎవరిదో తెలిసేదెలా?

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత సామాను రిజిస్టరైన రీసైక్లర్ల దగ్గరికి చేరేలా చూడాల్సింది తయారీ కంపెనీలే. మీ ఫోన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ముందు కాల్ చేసి, ఉబ్బిన బ్యాటరీ ఉందని చెప్పి, తీసుకుంటారో లేదో కనుక్కుని వెళ్లండి. డబ్బులు రాకపోవచ్చు, రసీదు మాత్రం అడగండి. మిగతా రెండూ పనిచేస్తుంటే ఎక్స్ఛేంజ్‌లో పెట్టుకోండి. పాడైన చార్జర్లు, ఇయర్‌ఫోన్లు కూడా అదే సంచిలో వేసుకెళ్లండి.