‘ప్రభువు చెప్పాడు’ అన్నాక ఇంట్లో ఇంకెవరూ నోరెత్తకూడదా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక ఊరు. నా వయసు 38. పుట్టింటివాళ్లు లూథరన్లు. పెళ్లయ్యాక మావారి బాప్టిస్టు చర్చికి వెళ్లేదాన్ని. మూడేళ్లుగా ఇద్దరం ఒక ఇండిపెండెంట్ సంఘానికి వెళ్తున్నాం, అక్కడ ఆయన సంఘపెద్ద. ఎరువుల షాపు నడుపుతారు. మొన్న ఆదివారం బంధువులు భోజనానికి వచ్చారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూసి ‘ఓ మై గాడ్’ అంది. ‘మూడో ఆజ్ఞ మీరుతున్నావు’ అని ఆయన గద్దించారు. ‘అది రెండో ఆజ్ఞ నాన్నా, అమ్మమ్మ నేర్పింది’ అంది. అందరి ముందూ చెంప మీద కొట్టారు. ఆ రాత్రే నాతో, ‘నీ బంగారం మందిరం స్లాబుకు ఇమ్మని ప్రభువు నాతో మాట్లాడాడు’ అన్నారు. మా నాన్న పెట్టిన ఆరు కాసులు అవి. పిల్ల చదువుకని దాచాను. ఆయన ఏది అనుకున్నా ప్రభువు చెప్పాడనే అంటారు. కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు అవుతుందేమోనని భయం. అమ్మాయి వాళ్ల నాన్నతో మాట్లాడటం మానేసింది, కుటుంబ ప్రార్థనకు కూర్చోనంటోంది. ఆయన మాటని అనుమానిస్తున్నాను కాబట్టి నేను అవిశ్వాసినా?

జవాబు: వందనాలమ్మా. చివర అడిగినదానికి ముందు చెబుతాను. మీరు అవిశ్వాసి కారు. అవిశ్వాసికి ఇంత భయం ఉండదు.

పిల్ల విషయానికి వద్దాం. ఆ అమ్మాయి చెప్పిన లెక్క తప్పు కాదు. బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉన్న పది ఆజ్ఞల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసి లేవు. లెక్క తర్వాతివాళ్లు పెట్టుకున్నది. నేను తప్ప వేరొక దేవుడు ఉండకూడదన్నదాన్నీ విగ్రహాల మాటనూ కలిపి లూథరన్లు, కథోలికులు ఒకటో ఆజ్ఞగా లెక్కిస్తారు. అందుకని వాళ్లకు దేవుని నామాన్ని వ్యర్థంగా పలకకూడదన్న మాట రెండోది. చివర్లో ఆశించకూడదన్న ఆజ్ఞను రెండుగా విడదీసి పది నింపుకుంటారు. బాప్టిస్టులకూ మరికొందరికీ అది మూడోది. మీవారు నేర్చుకున్నదీ సరైనదే, మీ అమ్మగారు మనవరాలికి నేర్పిందీ సరైనదే. అంటే ఆ చెంపదెబ్బ సరైన జవాబు చెప్పినందుకు పడింది. నలుగురిలో కూతురు సరిదిద్దిందన్న ఉక్రోషం కాస్త ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. ఇంట్లో పెద్దవాళ్లం ఇలా నోరు జారడం, చేయి జారడం మామూలే. కానీ ఆ దెబ్బని ఆయన దేవుని పేరు మీద వేశారు. పిల్ల ప్రార్థనకు ఎందుకు రానంటోందో వేరే వెతకక్కర్లేదు.

ఇక ఆ ఆజ్ఞ ఏం చెబుతోంది? ‘నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు.’ మన తెలుగులో ‘ఉచ్చరించడం’ అని ఉండేసరికి ఇదంతా నోటికి సంబంధించిన సంగతే అనుకుంటాం. హీబ్రూలో అక్కడున్న క్రియకు ఎత్తుకోవడం, మోయడం అని అర్థం. ‘వ్యర్థం’ అన్నచోట ఉన్న మాట ‘షావ్’. దానికి ఉత్తది అనే కాదు, అబద్ధం అని కూడా అర్థం ఉంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో పదాజ్ఞలు మళ్లీ చెప్పినప్పుడు అబద్ధసాక్ష్యం దగ్గర వాడింది ఈ మాటనే. దేవుని పేరు ఎత్తుకుని, దానికింద మన సరుకు అమ్ముకోవడం ఈ ఆజ్ఞకు అడ్డంగా వస్తుంది. మీ అమ్మగారికి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి కంఠతా వచ్చే ఉంటుంది, అడిగి చూడండి. 1529 నాటి పుస్తకం అది. ఈ ఆజ్ఞ కింద శపించడం, ఒట్లు వేయడం, మంత్రతంత్రాలతో పాటు దేవుని పేరున అబద్ధమాడటం, మోసం చేయడం కూడా కూడదని రాసి ఉంటుంది. ఆ తర్వాత, ప్రతి కష్టంలోనూ ఆ పేరు పెట్టి పిలవమని కూడా ఉంటుంది. ఈ రెండో సగం మనం మర్చిపోతాం.

మా నాయనమ్మ మోకాళ్ల నొప్పితో గచ్చు మీద చెయ్యి ఆన్చి లేస్తూ ‘యేసయ్యా’ అనేది. కూర్చునేటప్పుడు మళ్లీ ‘యేసయ్యా’. పాలు పొంగినా, కోడలు కనబోతున్నా, కరెంటు పోయినా అదే పిలుపు. రోజుకి వంద సార్లు అనేదేమో. ఎవరూ ఆమెను ఆజ్ఞ మీరావని అనలేదు, ఎందుకంటే ఆమె నిజంగా పిలుస్తోంది. మీ అమ్మాయి ‘ఓ మై గాడ్’ అలాంటిది కాదని ఒప్పుకుంటాను. అది ఫోన్ నేర్పిన ఊతపదం, అందులో పిలుపు లేదు. మాన్పించాల్సిందే. కానీ పిల్ల నోటి ఊతపదాన్నీ, పెద్దమనిషి ‘ప్రభువు నాతో మాట్లాడాడు’ అని మరొకరి బంగారం అడగడాన్నీ తూకం వేస్తే ఏది బరువు? యిర్మీయా 23వ అధ్యాయం తీసి మీరే చదవండి. ‘నేను వారితో మాటలాడకుండినను వారు ప్రకటించెదరు’ అని దేవుడు అక్కడ కోప్పడింది ఊతపదాలవాళ్ల మీద కాదు.

మీవారు అబద్ధమాడుతున్నారని నేను అనను. దేవుడు మాట్లాడడనీ అనను. చాలామంది విశ్వాసులకు మనసులో బలంగా ఒకటి తోచినప్పుడు అది ప్రభువు నుంచే అని నిజంగానే అనిపిస్తుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ‘నాకు అనిపిస్తోంది’ అంటే భార్య ‘నాకు అలా అనిపించడం లేదండీ’ అనగలదు. ‘ప్రభువు చెప్పాడు’ అన్నాక ఆవిడకు మాట లేదు. ఆయనకు తెలిసో తెలియకో ఆ పేరు ఇంట్లో తలుపు గడియలా పనిచేస్తోంది. బైబిలేమో పరీక్షించమంటోంది. ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు, అదీ ప్రవచనాల గురించి చెబుతూనే. బెరయవాళ్లు పౌలు చెప్పిన బోధను కూడా లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. అపొస్తలుల కార్యాల్లో వాళ్లని మెచ్చుకున్నారే గానీ అవిశ్వాసులని అనలేదు. పౌలుకు పెట్టిన పరీక్ష మీ ఆయనకు పెట్టకూడదా?

మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను సంగతి ఒకటి ఉంది. తల్లిదండ్రులకు ఉపయోగపడాల్సిన దాన్ని ‘ఇది కొర్బాను’, అంటే దేవుడికి ఇచ్చేశాను, అని చెప్పి వాళ్లకు ఏమీ చేయకుండా తప్పుకునేవాళ్లను యేసు గట్టిగా మందలిస్తాడు. దేవునికి ఇచ్చానన్న మాట చాటున ఇంటివాళ్లకు చేయాల్సింది ఎగ్గొట్టడం ఆయనకు నచ్చలేదు. పిల్ల చదువుకని దాచిన ఆరు కాసులు స్లాబులోకి పోతున్నప్పుడు ఈ అధ్యాయం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

ఒక మాట అడిగి చూడండి. సంఘంలో పెద్దగా ఉన్న మనిషి, స్లాబుకు ఇంత ఇస్తానని నలుగురిలో చెయ్యి ఎత్తి ఒప్పుకున్నారేమో. ఎరువుల షాపులో అప్పులు వసూలు కాక చేతిలో డబ్బు ఆడటం లేదేమో. పరువు పోతుందన్న టెన్షన్‌లో ఉన్న మగవాడికి ‘నాకు సాయం చెయ్యి’ అనడం కన్నా ‘ప్రభువు చెప్పాడు’ అనడం తేలిక. అదే అయితే మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు, చిన్న మొత్తం ఏదైనా సంతోషంగా ఇవ్వచ్చు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో సణుగుకొనక, బలవంతము లేకుండా ఇవ్వమనే కదా ఉంది.

మాట్లాడేటప్పుడు అత్తగారు, పిల్లలు లేని వేళ చూసుకోండి. రాత్రి భోజనాలయ్యాక డాబా మీదకి వెళ్లండి. వాదనతో మొదలుపెట్టకండి, బైబిలు వాక్యాలు విసరకండి. ఆయనకు మీకన్నా ఎక్కువ వాక్యాలు వచ్చు, ఓడిపోతారు. ఇలా అనండి: ‘ప్రభువు మీతో మాట్లాడాడన్నారు. నాదాకా ఆ మాట రాలేదు. ఇద్దరం ఒక నెల ప్రార్థన చేద్దాం. నాకూ అదే అనిపిస్తే నా చేత్తో నేనే తెచ్చి ఇస్తాను. అప్పటిదాకా బంగారం కదలదు.’ ఇందులో ఆయన్ని కాదనలేదు, దేవుణ్ణీ కాదనలేదు. ‘ఇక మీదట ప్రభువు చెప్పాడు అనే ముందు నాకు అనిపిస్తోంది అని చెప్పండి, నేను కూడా మాట్లాడగలుగుతాను’ అని కూడా అడగండి.

ఆయన వినకపోతే మధ్యవర్తి కావాలి. మీ పాస్టరుగారి దగ్గరికి మాత్రం మొదట వెళ్లకండి. ఆయన చెడ్డవారని కాదు, కట్టేది ఆయన మందిరమే కదా. మీ ఇద్దరూ గౌరవించే పెద్ద ఎవరైనా, ఆ సంఘానికి బయటివారు, ఉంటే మంచిది. చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి, బెదిరించడానికి కాదు, మీ గుండె నిబ్బరానికి. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి ఆస్తి మీద మరొకరికి హక్కు రాదు. మీ నాన్నగారు మీకు పెట్టినవి మీవే. బ్యాంకు లాకరు మీ పేరున లేకపోతే ఆ పని ఈ వారం చూసుకోండి. చేయి చేసుకోవడం ఇది మొదటిసారి కాకపోతే ఊరుకోవద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయచ్చు, పిల్లల కోసం 1098 ఉంది.

షాపులో ఆయన ‘దేవుని తోడు, ఇంతకన్నా తక్కువకి రాదు’ అంటారా? మీరు రాయలేదు గానీ, వ్యాపారంలో ఉన్న మనవాళ్ల నోట ఎక్కువగా వినేది ఇదే, అందుకని అడుగుతున్నా. అసలు ఒట్టే పెట్టుకోవద్దని, అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండమని యేసు మత్తయి 5లో చెప్పాడు. మెనొనైట్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది, వాళ్ల సంప్రదాయంలో దీన్ని అక్షరాలా పాటించి ప్రమాణమే చేయరు. మన కోర్టుల్లో కూడా 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుని పేరు ఎత్తకుండా, నిజం చెబుతానని మాటిచ్చి సాక్ష్యం చెప్పే వీలుంది. పిల్లకు ఆజ్ఞ నేర్పాలనుకునే తండ్రి గల్లాపెట్టె దగ్గరే మొదలుపెట్టచ్చు.

పిల్లతో ఆయనే మాట్లాడాలి. ‘కొట్టడం నాదే తప్పు’ అని, బంధువుల ముందు కొట్టారు కాబట్టి కనీసం మీ ఇంట్లో అందరి ముందూ అనాలి. దానికి టైం పట్టచ్చు. అంతవరకు ప్రార్థనకు రమ్మని ఆ అమ్మాయిని లాగకండి. మీరు మాత్రం ఆగక్కర్లేదు. ఈ రాత్రి జడ విప్పి నూనె రాస్తూ చెప్పండి, అమ్మమ్మ నేర్పిన లెక్క సరైనదేనని, నాన్నది కూడా తప్పు కాదని. ఊతపదం గురించి ఈ రోజు ఎత్తకండి. పది రోజులు పోయాక, వాళ్ల నాన్నతో మళ్లీ రెండు మాటలు కలిశాక, ‘క్లాసులో ఎవరికి ఏం పడిపోయినా, ఎవరు తుమ్మినా నీ పేరు పెట్టి అరుస్తుంటే ఎలా ఉంటుందే?’ అని అడగండి. మొదట నవ్వుతుంది. ఆ తర్వాత ఏమంటుందో నాకు రాయండి.