కిడ్నీ మార్పిడికి ముందు తెల్ల కణాలు తీసిన రక్తమే అడగాలా?

మీ నాన్నగారు కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నారనీ, ఈలోగా రక్తం ఎక్కించాలంటున్నారనీ, తెల్ల కణాలు వడకట్టిన రక్తమే అడగాలా అనీ రాశారు. తప్పకుండా అడగండి. అయితే అంతకన్నా ముందు, ఆ రక్తం ఇప్పుడు నిజంగా అవసరమేనా అని అడగండి. ఈ రెండు ప్రశ్నల వరుస మాకు ఆలస్యంగా తెలిసింది.

డయాలసిస్ మొదలైన కొత్తలో మా అక్కకు హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడల్లా వడకట్టని రక్తమే ఎక్కించారు. ఒకసారి చలితో వణికిపోయి జ్వరం వచ్చింది. మందుతో తగ్గడంతో మేము పట్టించుకోలేదు. తరువాత అమ్మ కిడ్నీ ఇస్తానంది, బ్లడ్ గ్రూపు కూడా కలిసింది. దాత కణాలను రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష రిపోర్టులో ‘పాజిటివ్’ అన్న మాట చూసి అమ్మ కళ్లకద్దుకుంది. ఆ మాటకు అర్థం అక్క రక్తంలోని యాంటీబాడీలు అమ్మ కణాల మీద దాడి చేస్తున్నాయని, ఆ కిడ్నీ పెడితే గంటల్లోనే పాడైపోవచ్చని డాక్టరుగారు వివరించాక చాలాసేపు ఎవరమూ మాట్లాడలేకపోయాం. గర్భం దాల్చినా ఇలాంటి యాంటీబాడీలు పుడతాయి, అక్కకు ఇద్దరు పిల్లలు. కాబట్టి దోషమంతా ఎక్కించిన రక్తానిదేనని నేను అనను.

దాత తెల్ల కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్లు దండిగా ఉంటాయి. వాటిని పరాయివిగా గుర్తించిన శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. వడకట్టని ఎర్రకణాల యూనిట్‌లో తెల్ల కణాలు 100 కోట్లకు పైగా ఉంటే, ఫిల్టరు తరువాత 50 లక్షల లోపే మిగలాలని అమెరికాలోనూ, 10 లక్షల లోపేనని యూరప్‌లోనూ ప్రమాణం. రక్తం ఎక్కించే గొట్టంలో మామూలుగా ఉండే జల్లెడ గడ్డలను మాత్రమే ఆపుతుంది, తెల్ల కణాలను కాదు. సేకరించిన వెంటనే వడకట్టడం మేలు, ఎందుకంటే నిల్వలో ఆ కణాలు చితికి, జ్వరం తెప్పించే పదార్థాలను విడుదల చేస్తాయి.

దీని ప్రయోజనం లుకేమియా రోగుల్లో స్పష్టంగా తేలింది. 1997లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, మామూలు ప్లేట్‌లెట్లు పొందినవారిలో 45 శాతం మందికి ఈ యాంటీబాడీలు రాగా, వడకట్టినవి పొందినవారిలో 20 శాతం లోపే వచ్చాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రమాదకరమైన సైటోమెగలో వైరస్ తెల్ల కణాల్లోనే దాగి ఉంటుంది కనుక, మజ్జ మార్పిడి చేయించుకున్నవారికి ఆ ముప్పు కూడా బాగా తగ్గుతుంది. అయితే మిగిలిన కొద్ది కణాలైనా వారి శరీరం మీద తిరగబడకుండా రక్తానికి రేడియేషన్ ఇవ్వడం వేరే పని. వడకట్టడం దానికి బదులు కాదు.

కిడ్నీ రోగుల్లో మాత్రం ఈ రక్షణ అసంపూర్ణం. ఎర్రకణాల మీద కొద్దిగా, ప్లేట్‌లెట్ల మీద బాగానే హెచ్‌ఎల్‌ఏ ఉంటుంది కనుక, వడకట్టిన రక్తంతో కూడా యాంటీబాడీలు రావచ్చు. అందుకే ఐరన్, ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో నెట్టుకురాగలిగితే అదే మంచిది. మా అక్కకు ఆ తరువాత అలాగే నడిపించారు. రక్తస్రావమైన ఒక్కసారి మాత్రం ఎక్కించక తప్పలేదు, అప్పుడు సంచి లేబుల్‌పై ‘ల్యూకోరెడ్యూస్డ్’ (తెల్ల కణాలు తగ్గించినది) అని ఉందో లేదో నేనే చదివాను.

మీరు కూడా ఎక్కించిన ప్రతి యూనిట్ తేదీని రాసిపెట్టి మార్పిడి బృందానికి చెప్పండి. రెండు నుంచి నాలుగు వారాల తరువాత యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయమని అడగండి. పాత రిపోర్టును నమ్ముకుని దాతను ఖాయం చేసుకోవద్దు.