బూజు పట్టిన చెక్క తిన్న గేదె పాలు.. మరిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: పక్క వీధి రైతు దగ్గర గేదె పాలు పోయించుకుంటున్నాం. వానలకు బూజు పట్టిన వేరుశనగ చెక్కను ఎండబెట్టి గేదెకు పెడుతున్నారని తెలిసింది. మా రెండేళ్ల పాప తాగేది ఆ పాలే. బాగా మరిగిస్తే ఫర్వాలేదా?

జవాబు: మరిగించినా లాభం లేదండి. కాస్తే చచ్చేవి సూక్ష్మజీవులు. ఇది బూజు వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం, పాలు కాగే వేడికి పోదు. ఎండబెట్టడమూ అంతే, పైన బూజు రాలిపోతుంది, విషం చెక్కలోనే ఉంటుంది. పెరుగు తోడేసినా పోదు. పనీర్ చేస్తే ఇంకా చిక్కబడుతుంది, ఎందుకంటే ఆ విషం పాలలోని కేసీన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటుంది.

గేదె తిన్న అఫ్లాటాక్సిన్ బి1 (చెక్కలో ఉండే రకం) కాలేయంలో ఎం1 అనే మరో రకంగా మారి, ఒక్క రోజులోపే పాలలోకి దిగుతుంది. దిగేది సాధారణంగా 1 నుంచి 3 శాతమే. అంతేనా అనుకోకండి. కిలోకు 500 మైక్రోగ్రాముల విషమున్న చెక్క రోజుకో కిలో పెట్టారనుకుందాం. 2 శాతం చొప్పున 10 మైక్రోగ్రాములు పాలలోకి వస్తాయి. గేదె 8 లీటర్లిస్తే లీటరుకు 1.25. మన దేశంలో పాలకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దు కిలోకు 0.5 మాత్రమే.

ఆ చెక్క ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలలో ఎం1 దాదాపు పోతుంది. కాబట్టి ముందు రైతుతో మాట్లాడి దాన్ని మాన్పించండి, వారం పాటు పాపకు వేరేచోటి పాలు పట్టండి. కొన్నాళ్లు తాగినంత మాత్రాన కంగారు అక్కర్లేదు, రక్త పరీక్షలూ అవసరం లేదు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరితేనే కాలేయ క్యాన్సర్ భయం. హెపటైటిస్ బి కూడా తోడైతే ఆ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే పాప టీకా కార్డు ఓసారి తీసి చూడండి: పుట్టినప్పటి హెపటైటిస్ బి డోసు, ఆపై 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్ (ఇందులోనూ హెపటైటిస్ బి టీకా ఉంటుంది) పడ్డాయా? ఏదైనా తప్పితే హెపటైటిస్ బి టీకా ఇప్పుడైనా వేయించవచ్చు.

రైతుకు చెప్పాల్సినవీ ఉన్నాయి. బూజు చెక్కను మంచి దాణాలో కలిపి సరిపెట్టొద్దు, కోళ్లకూ వేయొద్దు, పూడ్చేయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయాలి. దాణా బస్తాలు నేలకు, గోడకు తగలకుండా చెక్క బల్లల మీద పెట్టాలి. వానాకాలంలో చెక్క కొద్దికొద్దిగానే కొనాలి. బూజు కంటికి కనబడకపోయినా విషం ఉండొచ్చు కనుక, గేదె మేత తగ్గించినా, పాలు తగ్గినా దాణాను అనుమానించాలి. విషాన్ని పట్టి ఉంచే బెంటొనైట్ పొడి పశువైద్యుణ్ని అడిగి వాడుకోవచ్చు. అయితే అది కుళ్లిన చెక్కను మంచి చెక్క చేయదు.