రౌటర్ కొనే ముందు ఇంట్లో ఏమున్నాయో లెక్క రాయి

అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

వైఫై 7 అనే కొత్త తరం రౌటర్ తీసుకుంటే ఇక ఏ గొడవా ఉండదు కదా అని అడిగావు. దుకాణానికి వెళ్ళే ముందు ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో నెట్ వాడేవన్నీ రాయి. ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ వెంటనే గుర్తొస్తాయి. పాత ప్రింటర్, స్మార్ట్ బల్బులు, గుమ్మం దగ్గరి కెమెరా మర్చిపోతాం. తీరా కొన్నాక టెన్షన్ పెట్టేవి అవే. అందుకే రౌటర్‌ని కొత్త ఫోన్‌ని చూసి కాకుండా, అన్నిటికంటే పాత వస్తువుని చూసి ఎంచుకోమంటాను.

బల్బులు, ప్లగ్గుల్లాంటివి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్ మీదే పనిచేస్తాయి. అది గోడలు దాటి దూరం పోతుంది, కానీ ఇరుకు. అందులో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్ళు 1, 6, 11 మూడే. పొరుగువాళ్ళ రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే తిరుగుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, కాకపోతే రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. కాబట్టి ఈ రెండు బ్యాండ్లూ ఉండాలి, అవసరమైతే రెండిటికీ వేరే పేర్లు పెట్టుకునే వీలుండాలి. బల్బుని మొదటిసారి కలిపేటప్పుడు ఈ వీలు ఎంత సుఖమో నీకే తెలుస్తుంది.

ఒకసారి నేను కొత్త రౌటర్ పెట్టి, భద్రంగా ఉంటుందని డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి ఒక్కటే ఆన్ చేశాను. ప్రింటర్ కలవడం మానేసింది. అది పాడైందనుకుని రెండు రోజులు తిప్పలు పడ్డాను. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో, ఆ ప్రింటర్ అంతకుముందుది. పాత డబ్ల్యూపీఏ2, కొత్త డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి పెట్టే సెట్టింగ్‌కి మార్చగానే కలిసింది. నువ్వు కొనేదాంట్లో ఆ సెట్టింగ్ ఉందో లేదో చూసుకో. కెమెరాల్ని, బల్బుల్ని గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే అతిథుల కోసం రౌటర్ ఇచ్చే వేరే వైఫైలో, విడిగా ఉంచడం మంచిదే. ప్రింటర్‌ని మాత్రం అందులో పెట్టకు, లాప్‌టాప్‌కి కనిపించకుండా పోతుంది.

అట్టపెట్టె మీద ఏఎక్స్3000 అని ఉంటే మురిసిపోకు. 2.4 బ్యాండ్‌లో సెకనుకు 574, 5 బ్యాండ్‌లో 2402 మెగాబిట్లు కలిపి, కాస్త పైకి సవరించి వేసిన వేగం అంకె అది. ఏ ఒక్క వస్తువుకీ అంత రాదు. దానికంటే వెనక కేబుల్ పెట్టే పోర్టులు చూడు. అవి 100 మెగాబిట్లవైతే, నువ్వు 300 మెగాబిట్ల ప్లాన్‌కి డబ్బు కట్టినా వచ్చేది వందే. గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల, పోర్టులు లేనిది వద్దు.

మీ ఇంటికి దాని ముందు తరమైన వైఫై 6 చాలు. వైఫై 7 లాభం పొందాలంటే ఫోన్లూ లాప్‌టాప్‌లూ కూడా ఆ తరానివి కావాలి. మిగిలిన డబ్బుతో ఒక మంచి కేబుల్ కొని టీవీని రౌటర్‌కి కలిపెయ్యి. అలా చేస్తే గాలిలో రద్దీ తగ్గి, మిగతావాటికి దారి దొరుకుతుంది. పాత వస్తువు నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి ఒకే బ్యాండ్‌లో ఎక్కువసేపు దారి ఆపుతుంది. రద్దీ ఎంత తగ్గిస్తే అంత మేలు. కంపెనీ ఎన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తుందో కూడా అడుగు. అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్ తాళం లేని తలుపు లాంటిది.

నెట్ కంపెనీవాళ్ళు ఇచ్చిన పెట్టెలో కూడా రౌటర్ ఉంటే, కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టి, పాతదాని వైఫై ఆపెయ్యి. రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి పనిచేస్తే వీడియో కాల్స్, ఆటలు మొరాయించొచ్చు. కొత్తది ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉంచు. బీరువాలో దాచకు.

ఇంకో మాట. కొత్తదానికి పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ అక్షరం మారకుండా పెట్టు. పాస్‌వర్డ్ గట్టిదైతేనే సుమా. దాదాపు అన్నీ వాటంతట అవే కలుస్తాయి. గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చాలనుకుంటే తప్ప, బల్బులన్నిటినీ మళ్ళీ కూర్చుని కలపక్కర్లేదు. ప్రింటర్ మొండికేస్తే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ బాబాయి